సౌండ్ బాక్స్ రివ్యూ: టిఫిన్ బండి మీద పెట్టాక తెలిసిన సంగతులు

చిన్న షాపో, తోపుడు బండో నడుపుకునేవాళ్ళు సౌండ్ బాక్స్ తీసుకోవచ్చా అని అడిగితే నా మాట ఒకటే, తీసుకోండి. ఎవరైనా ఫోన్‌పే కొట్టగానే "ముప్పై రూపాయలు అందాయి" అని గట్టిగా చెప్తుందే, ఆ చిన్న పెట్టె గురించే. అద్దె దగ్గర, లోన్ దగ్గర మాత్రం జాగ్రత్తగా ఉండాలి, అది కింద వివరంగా రాస్తా. వస్తువుగా చూస్తే మాత్రం రెక్కల కష్టం మీద వ్యాపారం చేసుకునేవాళ్ళకి ఇంతగా పనికొచ్చిన సామాను ఈ మధ్య ఇంకోటి నేను చూడలేదు.

మా పిన్నిది గుంటూరు మిర్చి యార్డ్ దగ్గర టిఫిన్ బండి. ఇడ్లీ, అట్లు, పూరీ, పునుగులు. తెల్లారుజామునే పొయ్యి వెలిగిస్తే ఎండెక్కేసరికి సర్దేస్తుంది. సంక్రాంతి దాటిన దగ్గర్నుంచి ఎండలు ముదిరేదాకా మిర్చి సీజన్ కదా, హమాలీలు, లారీ డ్రైవర్లు, మిర్చి టిక్కీలు (బస్తాలు) వేసుకుని రాత్రంతా ప్రయాణం చేసి వచ్చిన రైతులు, అందరూ ఒకేసారి బండి మీద పడతారు. నేను పొద్దున పూట కాసేపు సాయానికి వెళ్తుంటా కాబట్టి ఈ పెట్టె పనితనం దగ్గరుండి చూసినవాణ్ణి. కంపెనీ పేరు రాయట్లేదు, ఎందుకంటే మెయిన్ పని అన్ని కంపెనీల పెట్టెలూ దాదాపు ఒకేలా చేస్తాయి, పైగా నచ్చని విషయాలు కూడా రాయబోతున్నా.

ఈ పెట్టె లేనప్పుడు ఎలా ఉండేదో చెప్పకపోతే దీని విలువ తెలీదు. 2016 నవంబర్ 8న పాత 500, 1000 నోట్లు రద్దు చేశారు గుర్తుందిగా, అప్పుడు ఇడ్లీ తిన్నవాడి చేతిలో 2000 నోటు, పిన్ని దగ్గర చిల్లర నిల్లు. ఫోన్‌పే లాంటి యాపులన్నీ నడిచేది యూపీఐ అనే పద్ధతి మీద, అప్పటికి అది వచ్చి కొన్ని నెలలే, ఆ ఏప్రిల్‌లో అనౌన్స్ చేస్తే ఆగస్టు ఆఖర్లో బ్యాంకుల యాపులు బయటికొచ్చాయి, సెప్టెంబర్ 5న జియో మొదలైంది, డిసెంబర్ 30న భీమ్ యాప్ వచ్చింది. అన్నీ ఒక్క ఏడాదిలోనే. అంతకుముందు ఒక జీబీ డేటా 250 రూపాయల దగ్గర ఉండేది, దాన్ని నెలంతా పొదుపుగా వాడుకునేవాళ్ళం. జియో వచ్చి కొన్నాళ్ళు ఫ్రీగా ఇచ్చేసరికి హమాలీల చేతుల్లోకి కూడా నెట్ వచ్చింది, ముందు పాటలు, వీడియోలు, ఆ తర్వాత వాట్సాప్, ఆ తర్వాత మెల్లగా ఫోన్‌పే. అది వాళ్ళకి ఎవరూ క్లాసు పెట్టి నేర్పలేదు, పక్కనున్నవాడు చేస్తుంటే చూసి నేర్చుకున్నారంతే.

సరే, కస్టమర్ వైపు అంతా బానే ఉంది. అతనికి ఫోనుంది, యాపుంది, పిన్ కొడితే గ్రీన్ టిక్ పడుతుంది, ఫోన్ ఇటు తిప్పి "పిన్నిగారూ కొట్టేశా" అని చూపిస్తాడు. ఇటు పక్క ఎవరున్నారు? చేతికి పిండి, ఎదురుగా కాగే నూనె, కంట్లోకి పొగ, అంకెలు తెలుసుగానీ ఇంగ్లీషు అక్షరం రాని మనిషి. ఆమె ఆ స్క్రీన్‌లో ఏం చూస్తుంది? అది ఇవాళ్టిదా నిన్నటిదా, 30 కొట్టాడా 3 కొట్టాడా, అసలు తన అకౌంట్‌కే కొట్టాడా, అదంతా చదివేలోపు అట్టు మాడిపోతుంది. "ఒరేయ్, వచ్చాయేమో చూడరా" అని నన్నో తమ్ముణ్ణో కేకేసేది, బ్యాంకు మెసేజ్ ఒక్కోసారి వెంటనే వస్తుంది, ఒక్కోసారి రష్ అంతా అయిపోయాక వస్తుంది, ఈలోపు కస్టమర్ నిలబడతాడా? "నమ్మకం లేదా పిన్నీ" అంటాడు, ఇంక ఈమె మొహమాటపడి సర్లే వెళ్ళు బాబూ అనేది. నిజాయితీగా కట్టేవాళ్ళే ఎక్కువ, అందులో అనుమానం లేదు. కానీ పాత స్క్రీన్‌షాట్ చూపించి పోయేవాళ్ళు, అచ్చం ఒరిజినల్‌లాగే గ్రీన్ టిక్ వేసే డూప్లికేట్ యాపులు పెట్టుకు తిరిగేవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళు వెతుక్కుని వచ్చేది ఇలాంటి బండ్ల దగ్గరికే.

పెట్టె వచ్చాక మారింది ఇదే. డబ్బు వచ్చిందా లేదా అన్నది ఇప్పుడు కస్టమర్ చూపించేది కాదు, పిన్ని తన చెవులతో వినేది. నూనెలోంచి పునుగులు తీస్తూనే వింటుంది, తల కూడా తిప్పదు. "ముప్పై వచ్చినై, నువ్వు నలభై అయిదు తిన్నావు గదయ్యా" అని అక్కడికక్కడే అడుగుతుంది. ఆ అడగడంలో ఉన్న ధైర్యం నేను అంతకుముందు ఆమెలో చూడలేదు. ఆన్‌లైన్ వ్యాపారం అనేది చదువుకున్నవాళ్ళదే అన్నట్టు నడిచింది చాలాకాలం, యాపులన్నీ కళ్ళకోసం చేసినవి, చదవగలిగేవాళ్ళ కోసం చేసినవి. చెవి కోసం, అదీ తెలుగులో చేసిన మొదటి వస్తువు మా బండి వరకు ఇదే. అందుకే ఇంత రాస్తున్నా.

ఇక పెట్టె ఎలా పనిచేస్తుందో చెప్తా, ఇది తెలిస్తే సగం గొడవలు ఉండవు. చాలామంది ఇది మన ఫోన్‌కి కనెక్ట్ అయి ఉంటుంది అనుకుంటారు. కాదు. అరచేతిలో పట్టేంత పెట్టె, ముందు క్యూఆర్ స్టిక్కర్ (మా వైపు అందరూ దాన్ని స్కానర్ అంటారు), పక్కన వాల్యూమ్ బటన్లు, చార్జింగ్ పెట్టుకునే చోటు, లోపల దాని సొంత సిమ్. మన ఫోన్ ఇంట్లో మర్చిపోయినా, స్విచాఫ్ అయినా పెట్టె మాట్లాడుతుంది. స్టిక్కర్‌లో ముఖ్యంగా ఉండేది మన యూపీఐ ఐడీ, పేరు. కస్టమర్ ఏ యాప్‌తో స్కాన్ చేసినా పర్లేదు. అతను పిన్ కొట్టగానే వాళ్ళ బ్యాంకు నుంచి యూపీఐని నడిపే ఎన్‌పీసీఐ అనే సంస్థ ద్వారా మన వైపు బ్యాంకుకి కబురు వెళ్తుంది, డబ్బు పడిందని ఖాయమయ్యాక పెట్టె కంపెనీ సర్వర్ నుంచి పెట్టెలో ఉన్న సిమ్‌కి సిగ్నల్ వస్తుంది, అప్పుడు అది పలుకుతుంది. ఇంత తిరుగుడు మామూలుగా అయితే ఒకటి రెండు సెకన్లలో అయిపోతుంది, అది నాకిప్పటికీ ఆశ్చర్యమే. డూప్లికేట్ యాప్ ఎన్ని గ్రీన్ టిక్కులు వేసినా ఆ సర్వర్ నుంచి కబురు రాదు కాబట్టి పెట్టె నోరు మెదపదు.

ఏ యాప్ అయినా ఏ స్కానర్ అయినా పర్లేదు అన్నది మనకి ఇప్పుడు మామూలైపోయింది గానీ అది చిన్న విషయం కాదండీ. కెన్యాలో సఫారీకామ్ అనే ఫోన్ కంపెనీ 2007లోనే ఎం-పెసా అని మొదలుపెట్టింది, మామూలు బటన్ ఫోన్ నుంచే డబ్బు పంపేవాళ్ళు, మనకంటే ఎంతో ముందు. కానీ అక్కడ అది ఒక కంపెనీ చేతిలో పుట్టి పెరిగింది. మన దగ్గర యూపీఐని ఒక కంపెనీకి వదలకుండా బ్యాంకులు కలిసి పెట్టుకున్న ఆ ఎన్‌పీసీఐ మీద కట్టారు కాబట్టి పిన్ని స్కానర్ ఏ కంపెనీదో కస్టమర్ చూసుకోనక్కర్లేదు. 2020 నవంబర్‌లో బ్రెజిల్ వాళ్ళ సెంట్రల్ బ్యాంకే పిక్స్ అని పెట్టింది, అదీ ఇలా అందరికీ కలిపి నడిచేదే. ఇండియాలో యూపీఐ లావాదేవీల సంఖ్య 2023 ఆగస్టులో మొదటిసారి నెలకి 1000 కోట్లు దాటింది, 2025 ఆగస్టుకి 2000 కోట్లు దాటింది, ఆ ఒక్క నెలలో చేతులు మారిన డబ్బు దాదాపు 25 లక్షల కోట్లు. షాపులకి వచ్చే చెల్లింపుల్లో ఎక్కువ భాగం 500 లోపువే. అంటే ఈ పెద్ద అంకెలు పెద్ద మాల్స్ వల్ల రాలేదు, 10 రూపాయల టీ, 30 రూపాయల ఇడ్లీ, 20 రూపాయల కొత్తిమీర వల్ల వచ్చాయి.

సౌండ్ బాక్స్‌ని మన దగ్గర ముందు తెచ్చింది పేటీఎం, 2019లో. తర్వాత మిగతావాళ్ళూ వచ్చారు. ఫోన్‌పే వాళ్ళు 2024లో మహేష్ బాబు గొంతు కూడా పెట్టారు, మా వీధి చివర కొబ్బరిబోండాల కొట్టులో అదే ఉంది, కుర్రాళ్ళు ఆ గొంతు వినడానికే రెండోసారి కొడుతుంటారు. మా పిన్ని పెట్టెలో మాత్రం మామూలు ఆడగొంతు, తెలుగు స్పష్టంగానే ఉంటుంది, అంకె దగ్గర కొంచెం ఆగి పలుకుతుంది, అంతే.

బాలేనివి కూడా చెప్పాలి. పెట్టె ఎంత వచ్చిందో చెప్తుంది గానీ ఎవరు కొట్టారో చెప్పదు. రష్‌లో ముగ్గురివి మూడు ముప్పైలు వరసగా పడితే రెండు సార్లే వినబడిందా మూడు సార్లా అన్న గొడవ వస్తుంది, పక్కనే లారీ హారన్ కొడితే ఇంక చెప్పక్కర్లేదు. మా పెట్టెకి చివరిది మళ్ళీ చెప్పించే బటన్ ఉంది, అది బానే పనికొస్తుంది. కొన్నింటికి చిన్న స్క్రీన్ మీద అంకె కూడా పడుతుంది, అలాంటిది దొరికితే అదే తీసుకోండి, అంకెలు తెలిసినవాళ్ళకి చాలు. సిమ్ సిగ్నల్ లేనిచోట పెట్టె ఆలస్యంగా పలుకుతుంది, ఒక్కోసారి మూగబోయి సిగ్నల్ రాగానే అన్నీ ఒకేసారి గడగడా చదివేస్తుంది. అప్పుడు డబ్బు వచ్చే ఉంటుంది, మాట మాత్రమే ఆలస్యం. బండి కొంచెం జరిపి పెడితే సిగ్నల్ అందిన రోజులున్నాయి. చార్జింగ్ కొన్ని రోజులు వస్తుంది గానీ అయిపోయే ముందు అది చెప్పే హెచ్చరిక రష్‌లో ఎవరూ పట్టించుకోరు, కాబట్టి రోజూ ఇంటికి తెచ్చి పెట్టేయడమే మేలు. నూనె చిందులు, వాన తుంపర్లు తట్టుకోవాలంటే పల్చటి ప్లాస్టిక్ కవర్ తొడగండి, సౌండ్ పెద్దగా తగ్గదు.

ఇంకోటి, దీని గురించి ఎక్కడా ఎవరూ మాట్లాడగా వినలేదు. పెట్టె గట్టిగా చెప్పడం వల్ల పిన్నికి ఎంత వస్తోందో చుట్టుపక్కల అందరికీ తెలిసిపోతుంది. పక్క బండివాళ్ళకి తెలిస్తే తెలిసింది, రోజువారీ ఫైనాన్స్ వసూలుకి వచ్చే మనిషి కూడా అక్కడే నిలబడి వింటాడు. ఇవాళ బేరాల్లేవు రేపు కడతా అనే మాట ఇప్పుడు చెల్లదు. వాల్యూమ్ తగ్గిస్తే తనకే వినబడదు. దీనికి నా దగ్గర పరిష్కారం లేదు, పెట్టె చేసేవాళ్ళు ఆలోచించాలి.

అద్దె సంగతి. బ్యాంకు అకౌంట్ నుంచి యూపీఐలో వచ్చే డబ్బు తీసుకున్నందుకు షాపువాళ్ళు పైసా కట్టనక్కర్లేదు, 2020 జనవరి నుంచి ఆ చార్జీ సున్నా చేశారు. మరి ఈ కంపెనీలకి ఏం మిగులుతుంది? గవర్నమెంట్ నుంచి కొంత ప్రోత్సాహకం వస్తుంది, 2024-25కి చిన్న షాపుల్లో 2000 లోపు చెల్లింపుల మీద 0.15 శాతం ఇస్తామన్నారు, అది అంతంతమాత్రమే. కాబట్టి వాళ్ళు రాబట్టుకునేది రెండు దార్లలో, పెట్టె అద్దె ఒకటి, మన అమ్మకాలు చూసి ఇచ్చే లోన్లు రెండోది. అది తప్పని నేననను, సిమ్ రీచార్జ్, పెట్టె ఖర్చు వాళ్ళకీ ఉంటాయి. నెలకి వంద చుట్టూ అద్దె అంటే రోజుకి మూడు నాలుగు రూపాయలు, ఒక్క డూప్లికేట్ గ్రీన్ టిక్ తప్పించినా వసూలైపోతుంది. బాధ అద్దె కాదు, అద్దె చెప్పే పద్ధతి. మా బండి దగ్గరికి వచ్చిన కుర్రాడు "ఫ్రీ ఆంటీ" అన్నాడు, పిన్ని ఫోన్ అడిగి తీసుకుని గబగబా ఏవో నొక్కాడు, ఓటీపీ చెప్పమన్నాడు, పెట్టె పెట్టి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకి అకౌంట్లోంచి అద్దె కటింగ్ మొదలైంది. అతనికి ఫోన్ చేస్తే ఎత్తడు, కంపెనీ నంబర్‌కి చేస్తే ఒకటి నొక్కండి రెండు నొక్కండి అని అరగంట, చివరికి ఎవరైనా దొరికితే హిందీలో మాట్లాడతారు. తెలుగులో పలికే పెట్టె అమ్మగలిగిన కంపెనీకి తెలుగులో జవాబు చెప్పే మనిషిని పెట్టుకోవడం ఏమంత కష్టం? పెట్టెకి 5కి 4 స్టార్లు ఇస్తా, దాని వెనకున్న సర్వీస్‌కి ఒకటే ఇస్తా.

లోన్ విషయంలో ఇంకా గట్టిగా చెప్పాలి. కొన్ని నెలలు అమ్మకాలు చూశాక యాప్‌లో "మీకు 50,000 రెడీ" అని వస్తుంది, ఒక నొక్కుతో డబ్బు పడుతుంది, తర్వాత రోజూ వచ్చే అమ్మకాల్లోంచి వాళ్ళే కొంత కట్ చేసుకుంటారు. పదివేలు అని రాసుకుని ముందే వడ్డీ పట్టుకుని, రోజుకి వంద చొప్పున వంద రోజులు వసూలు చేసే మన ఊరి రోజువారీ ఫైనాన్స్‌తో పోలిస్తే ఇదే నయం అనిపించొచ్చు, కొందరికి నిజంగానే నయం కావచ్చు. కానీ నొక్కేముందు చేతికి ఎంత వస్తుంది, మొత్తం ఎంత కట్టాలి, ఏడాదికి వడ్డీ ఎంత పడుతుంది అని రాసి ఉండే కాగితం, కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్ అంటారు, అది అడగండి. 2024 అక్టోబర్ నుంచి ఇలాంటి లోన్లన్నిటికీ అది ఇచ్చి తీరాలని రిజర్వ్ బ్యాంక్ రూల్. బేరాలు పడిపోయిన నెలలో కటింగ్ ఎలా ఉంటుందో కూడా అడగండి, సీజన్ మీద బతికే మా బండి లాంటివాటికి అదే అసలు ప్రశ్న.

దానికంటే ముందు మున్సిపాలిటీ ఆఫీసుకెళ్ళి పీఎం స్వనిధి అనే గవర్నమెంట్ లోన్ స్కీమ్ గురించి అడగమంటా. 2020 జూన్‌లో లాక్‌డౌన్ టైమ్‌లో తోపుడు బండ్లవాళ్ళ కోసం మొదలైంది, మొదట్లో 10,000 ఇచ్చేవాళ్ళు, 2025 ఆగస్టులో దాన్ని 15,000 చేశారు, సరిగ్గా కడితే రెండోసారి 25,000, మూడోసారి 50,000. టైముకి కడితే వడ్డీలో 7 శాతం సబ్సిడీ. పైగా యూపీఐలో డబ్బు తీసుకుంటే క్యాష్‌బ్యాక్ కూడా ఉంది. అంటే పెట్టె మీద పలికే ప్రతి ముప్పై రూపాయలూ అక్కడ పనికొస్తాయి. దీని గురించి పెట్టె పెట్టడానికొచ్చిన ఏ కుర్రాడూ చెప్పడు, అది అతని పని కాదు కదా.

ఇప్పుడు నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం. పెట్టె ఎవరితో మాట్లాడుతుంది, డబ్బు ఎవరి అకౌంట్లో పడుతుంది, ఈ రెండూ ఒకటి కాకపోవచ్చు. యార్డ్ రోడ్డులో నేను చూసిన ఆడవాళ్ళ బండ్లలో చాలావాటికి స్కానర్ మొగుడి పేరునో కొడుకు పేరునో ఉంటుంది, ఎందుకంటే స్మార్ట్‌ఫోన్ వాళ్ళ చేతుల్లో ఉంటుంది, అకౌంట్ లింకు ఆ నంబర్‌కే ఉంటుంది. గల్లాపెట్టెలో నోట్లు ఉన్న రోజుల్లో సాయంత్రానికి ఆ డబ్బు ఎంతో కొంత ఆమె కొంగులో ఉండేది. ఇప్పుడు పొద్దుట్నుంచి "అందాయి అందాయి" అని పెట్టె చెప్తూనే ఉంటుంది, రేపటికి మినప్పప్పు కొనాలంటే మాత్రం ఆమె ఇంకొకళ్ళని అడగాలి. స్కానర్ మార్చకపోతే ఎంత తెలుగులో మాట్లాడినా ఆ పెట్టె ఆమెది కాదు. మా పిన్నికి జన్‌ధన్ కింద తెరిచిన అకౌంట్ ఒకటి ఎప్పట్నుంచో ఉంది, గ్యాస్ సబ్సిడీకి తప్ప వాడేది కాదు. దాన్నే బ్యాంకులో ఆమె సొంత నంబర్‌తో లింక్ చేయించి, స్కానర్ ఆమె పేరునే తీసుకున్నాం. బాబాయ్ ఏమీ అనలేదు గానీ మొదట్లో కొంచెం మొహం ముడుచుకున్నాడు. ఇప్పుడు పప్పుల కొట్టులో శెట్టిగారికి ఆమే ఫోన్‌పే కొడుతుంది, ఆయన దగ్గరా పెట్టె పలుకుతుంది, అది విన్నాకే కదులుతుంది. వచ్చిన డబ్బు మళ్ళీ నోట్లు కాకుండానే సరుకుగా మారిపోతోంది. అల్లుడి చేత ఆన్‌లైన్‌లో పెద్ద ఇడ్లీ పాత్ర ఆర్డర్ పెట్టించి తన డబ్బుతోనే కట్టింది, బజార్లో అడిగిన రేటు కంటే తక్కువకే వచ్చింది, ఇంటి దగ్గరికే తెచ్చిచ్చారు.

డబ్బు కట్ అయి పెట్టె పలకకపోతే ఏం చేయాలని చాలామంది అడుగుతారు. కస్టమర్ అకౌంట్లో కట్ అయి మనకి రాకపోతే, రిజర్వ్ బ్యాంక్ 2019 సెప్టెంబర్‌లో ఇచ్చిన రూల్ ప్రకారం షాపు చెల్లింపు అయితే ఆ రోజు కాక 5 రోజుల్లోపు అతని డబ్బు అతనికి వెనక్కి పడాలి, దాటితే రోజుకి 100 చొప్పున బ్యాంకు ఇవ్వాలి. ఈ మాట మా పిన్ని ఇప్పుడు కస్టమర్లకి తనే చెప్తుంది, "నీ డబ్బులు ఎటూ పోవు బాబూ, వెనక్కొస్తాయి, నాకు మాత్రం మళ్ళీ కొట్టు" అని. తెలిసిన మొహమైతే రేపు ఇవ్వమంటుంది. పొద్దున్నే బ్యాంకు సర్వర్లు మొరాయించే హమాలీలకి నేను యూపీఐ లైట్ పెట్టి ఇస్తుంటా, కొంత డబ్బు ముందే అందులో వేసుకుంటే చిన్న చెల్లింపులకి పిన్ అక్కర్లేదు, గబుక్కున అయిపోతుంది, బ్యాంకు పాస్‌బుక్ కూడా ఇడ్లీ లెక్కలతో నిండిపోదు.

టాక్స్ భయం గురించి కూడా రెండు మాటలు. 2025 జులైలో బెంగళూరులో యూపీఐ లెక్కలు చూసి చిన్న షాపులకి జీఎస్టీ నోటీసులు పంపారు, దెబ్బకి అక్కడ చాలాచోట్ల స్కానర్లు పీకేసి "నో యూపీఐ, ఓన్లీ క్యాష్" అని బోర్డులు పెట్టారు. ఆ వార్త వాట్సాప్‌లో తిరిగి తిరిగి యార్డ్ దాకా వచ్చింది, ఇక్కడా ఇద్దరు ముగ్గురు పెట్టెలు లోపల పెట్టేశారు. అక్కడి నోటీసులు ఏడాదికి సరుకు అమ్మకం 40 లక్షలు, సర్వీస్ అయితే 20 లక్షలు దాటినవాళ్ళకి. పొద్దున పూట బండి నడుపుకునే మనిషి చాలావరకు అంత దాకా వెళ్ళదు. భయపడి పెట్టె తీసేస్తే పోయేది బేరమే, ఎందుకంటే ఇప్పుడు కుర్రాళ్ళ జేబుల్లో నోట్లుండవు, స్కానర్ లేదంటే పక్క బండికి పోతారు. ఇంటి మనుషులు పంపే డబ్బు, చీటీ డబ్బు కూడా అదే షాపు స్కానర్‌కి కొట్టించుకోకండి, అమ్మకం లెక్క వేరుగా ఉండటం ఎప్పటికైనా మంచిది.

మోసాల గురించి పిన్నికి నేర్పింది ఒక్కటే, డబ్బు రావడానికి పిన్ కొట్టాల్సిన పని ఎప్పుడూ లేదు. "ఆర్మీ క్యాంపుకి 200 ఇడ్లీలు కావాలి, అడ్వాన్స్ పంపుతున్నాం, పిన్ కొట్టండి" అని ఫోన్ వస్తే పెట్టేయడమే. పొద్దున్నే స్టిక్కర్ మీద ఇంకో స్టిక్కర్ అంటించి ఉందేమో గోరుతో గీరి చూసుకోవాలి, ఇంకొకడి స్కానర్ అంటిస్తే కస్టమర్ కొడతాడు, పెట్టె పలకదు. బోణీ బేరంలోనే పెట్టె పలికిందంటే స్టిక్కర్ మనదే అని లెక్క. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

తీసుకునేటప్పుడు ఆ వచ్చిన కుర్రాడికి మన ఫోన్ పూర్తిగా అప్పగించొద్దు, ఇంట్లో చదువుకున్న పిల్లలెవరైనా పక్కన ఉండగా పెట్టించుకోండి. అకౌంట్ బండి నడిపే మనిషి పేరునే ఉందో లేదో, భాష తెలుగు పెట్టాడో లేదో, అద్దె ఎంతో, ఎప్పట్నుంచి కట్ అవుతుందో వాట్సాప్‌లో మెసేజ్ పెట్టమనండి. పెట్టి వెళ్ళేముందు అతని చేతే ఒక రూపాయి కొట్టించి పలుకుతుందో లేదో వినండి. వద్దనుకుని వెనక్కిచ్చేటప్పుడు యాప్‌లో ఆటోపే అని ఉంటుంది, అందులో అద్దె కట్ చేసుకోవడానికి ఇచ్చిన పర్మిషన్ (మాండేట్ అంటారు) మీరే క్యాన్సిల్ చేసుకోండి, పెట్టె ముట్టినట్టు కంపెనీ నుంచి మెసేజ్ వచ్చేదాకా ఆ కుర్రాడి నంబర్ డిలీట్ చేయకండి.